పదో తరగతి ఫేర్‌వెల్‌లో "2046లో మనం" స్కిట్: ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?

సంధి_టీచర్
మాది కోనసీమ వైపు ఒక జడ్పీ హైస్కూలు. పదో తరగతిలో 38 మంది. వచ్చే శనివారం తొమ్మిదో తరగతి వాళ్లు వీళ్లకి ఫేర్‌వెల్ ఇస్తున్నారు. ఏటా ఉండే డాన్సులు, పులిహోర, హెచ్‌ఎం గారి గంట ఉపన్యాసం కాక ఈసారి పదో తరగతి పిల్లలే ఒక స్కిట్ రాసుకున్నారు. పేరు "2046లో మనం". ఇరవయ్యేళ్ల తర్వాత పాత విద్యార్థులంతా బడికొస్తారు, ఎవరేమయ్యారో తెలుస్తుంది. స్క్రిప్టు నా చేతిలో పెట్టి "అచ్చుతప్పులు దిద్దండి చాలు టీచర్, ఇంకేం మార్చొద్దు" అన్నారు.

స్టాఫ్ రూంలో ఒక్కదాన్నే కూర్చుని నవ్వాను. రోజూ లేటుగా వచ్చే కుర్రాడు స్టేషన్ మాస్టర్ అవుతాడట, అప్పట్నుంచీ ఆ స్టేషన్‌కి ఏ రైలూ టైముకి రాదట. మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాసే లీడరమ్మాయి అసెంబ్లీ స్పీకర్ అవుతుందట, ఎమ్మెల్యేల పేర్లు రాసి, మళ్లీ మాట్లాడితే పక్కన ఇంటూ గుర్తు పెడుతుందట. లెక్కల్లో ఎక్స్ విలువ ఏనాడూ దొరకనివాడు పోలీసు శాఖలో చేరి 2046లో కూడా ఎక్స్ కోసం గాలిస్తూ ఉంటాడట.

తర్వాత ఒకచోట ఆగిపోయాను. ఒకబ్బాయి వాళ్ల నాన్న ఊళ్లో ఇస్త్రీ బండి నడుపుతారు. వాడికి రాసింది ఇది: "అమెరికాలో ఇస్త్రీ కంపెనీ పెట్టి వైట్‌హౌస్ కర్టెన్లు ఇస్త్రీ చేస్తాడు." రాసినవాళ్లు వాడి స్నేహితులే. వాడు కూడా నవ్వాడట. నాకు మాత్రం మింగుడు పడలేదు. హెచ్‌ఎం గారు అసలు పేర్లే వద్దన్నారు. పేర్లు లేకపోతే ఇంక ఎవర్ని చూసి నవ్వుతాం అని పిల్లలు. మీ బళ్లో ఇలాంటివి జరిగుంటే చెప్పండి.

గోదారి_గట్టు
ఎక్స్ కోసం గాలించే పోలీసు మీద మాత్రం చెయ్యి వెయ్యకండి మాస్టారూ. వాడు నేనే.

సంధి_టీచర్
మాస్టారు కాదండీ, టీచర్ని. పేరులోనే ఉంది.

గోదారి_గట్టు
క్షమించాలి. లెక్కలే కాదు, వ్యాకరణం కూడా అంతంతమాత్రం.

మిరపచేను_గట్టున
ఇస్త్రీ జోకు తీసేయండి. మాది పల్నాడు. 1998లో మా సెండాఫ్ రోజు ఒకడు లేచి అందరికీ బిరుదులు చదివాడు. నాకు "బర్రెల డాక్టర్". అప్పుడు మాకు ఆరు గేదెలు. తెల్లారుజామున పాలు పిండి, కేంద్రంలో పోసి, ఆ చొక్కాతోనే బడికొచ్చేవాణ్ని. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ సాయంత్రం బావి దగ్గర కూర్చుని మోచేతుల దాకా మూడుసార్లు సబ్బు రుద్దుకున్నాను. "వాడు కూడా నవ్వాడట" అన్నారే, ఆ నవ్వు నాకు తెలుసు.

బ్యాక్‌బెంచి
ఇప్పుడేం చేస్తున్నారన్నా?

మిరపచేను_గట్టున
అదే కదా దరిద్రం. పశువుల డాక్టర్ని.

బ్యాక్‌బెంచి
అయ్యబాబోయ్.

మిరపచేను_గట్టున
జోస్యం ఫలించింది, కోపం మాత్రం పోలేదు. రెండూ ఉంటాయి.

పాలమూరు_పోరగాడు
ఆ బిరుదు చదివినాయన ఏం చేస్తుండు అన్నా?

మిరపచేను_గట్టున
రెండు జెర్సీ ఆవులు పెట్టాడు. అర్ధరాత్రి ఈనితే ఫోన్ చేసేది నాకే.

రాగిసంకటి
నేను ఒప్పుకోను. ఇస్త్రీ తక్కువ పని అని ముందు మనమే అనుకుని, ఆ పిల్లాడి తరఫున మనమే సిగ్గుపడుతున్నాం. మా నాన్న టైలరు. "వీడు పారిస్‌లో జాకెట్లు కుడతాడు" అని ఎవరైనా రాసుంటే ఎగిరి గంతేసేవాణ్ని. మా క్లాసులో 42 మందికి జోస్యాలు రాశామన్నారు, తీరా చూస్తే ముగ్గురి పేర్లు లేవు. అందులో నేనొకణ్ని. వెక్కిరిస్తే కనీసం మనం కనపడ్డామని తెలుస్తుంది. టీచరుగారూ, మీ స్క్రిప్టులో 38 మందీ ఉన్నారా? లెక్కపెట్టారా?

సంధి_టీచర్
ఇప్పుడే లెక్కపెట్టాను. 36 మందే. ఇద్దరు అమ్మాయిలు లేరు. మూడో బెంచీ, గోడవైపు. ఏడాదంతా వాళ్ల గొంతు అటెండెన్స్‌లో తప్ప విన్న గుర్తు లేదు. స్క్రిప్టు రెండుసార్లు చదివి కూడా నేను గమనించలేదు.

అత్తిలి_అమ్మడు
మూడో బెంచీ ఖర్మే అంత. మొదటి బెంచీ వాళ్లు టీచర్లకి గుర్తుంటారు, చివరి బెంచీ వాళ్లు ఊరందరికీ గుర్తుంటారు. నేను మూడో బెంచీ. పదేళ్ల తర్వాత బజార్లో మా సోషల్ సార్ కనపడితే నమస్కారం పెట్టాను. "బాగున్నావా అమ్మా, ఏ బ్యాచ్?" అన్నారు. ఆయన మా పక్కింట్లో ఉంటారు.

పాతకాపు
ఇప్పటి పిల్లలకి అన్నిటికీ టెన్షనే. మా రోజుల్లో మాస్టారే అందరి ముందూ "నువ్వు గేదెలు కాసుకోవడానికి తప్ప పనికిరావు" అనేవారు. మేమేమైనా ఏడ్చామా?

మిరపచేను_గట్టున
ఇక్కడ గేదెల టాపిక్ నాది. మీరు జరగండి.

జీపీఏ_పదికిపది
జోస్యాలతో ఆడుకోకండి, నేను ఆడుకుని ఇరుక్కున్నాను. మాది 2020 బ్యాచ్, హైదరాబాద్ శివారు. ఫిబ్రవరిలో ఫేర్‌వెల్. మావాడొకడు తెలుగు నుంచి సోషల్ దాకా అన్నిట్లో సమానంగా వీకు. వాడికి నేను రాసింది: "గవర్నమెంటు పరీక్షలు రద్దు చేస్తే తప్ప వీడు పాసవడు." హాలంతా చప్పట్లు.

మార్చి 19న పరీక్షలు మొదలయ్యాయి. మూడు పేపర్లు రాశాం. అంతే, వాయిదా, లాక్‌డౌన్. జూన్‌లో మిగతా పేపర్లన్నీ రద్దు చేసి, ఇంటర్నల్ మార్కులతో రాష్ట్రంలో అందర్నీ పాస్ చేశారు. వాళ్లమ్మ ఇప్పటికీ నన్ను చూడగానే టీ పెట్టి, "బిడ్డా, మావోడి పెండ్లి ఎప్పుడో జర చెప్పు" అంటది.

గోదారి_గట్టు
కరోనా వెనక నువ్వున్నావన్నమాట. ఇన్నాళ్లూ గబ్బిలాన్ని అనుమానించాం.

మ్యూట్_బ్యాచ్
మూడు పేపర్లు రాశావు, అదృష్టవంతుడివి. మేం 2021. ఒక్కటీ రాయలేదు. ఫేర్‌వెల్ గూగుల్ మీట్‌లో. క్లాస్ టీచర్ పది నిమిషాలు మాట్లాడారు, కళ్లు తుడుచుకున్నారు, చేతులు జోడించారు. అంతసేపూ మ్యూట్‌లో ఉన్నారు. చెబుదామంటే మా అందర్నీ కూడా ఆయనే మ్యూట్‌లో పెట్టారు. చాట్‌లో టైప్ చేశాం, ఆయన చాట్ చూడరు. మా గురించి ఏమన్నారో ఇప్పటికీ తెలీదు.

బ్యాక్‌బెంచి
"మ్యూట్ తీయండి సార్" అని ఎవరైనా ఆయనింటికి వెళ్లి చెప్పాల్సింది.

మ్యూట్_బ్యాచ్
లాక్‌డౌన్ బాబూ.

ఆటోగ్రాఫ్_1987
మా కాలంలో స్టేజీ లేదు, స్కిట్టు లేదు. ఆటోగ్రాఫ్ పుస్తకం ఉండేది. రంగు కాగితాలు: లేత గులాబీ, పసుపు, ఆకుపచ్చ, నీలం. గులాబీ కాగితం ప్రాణ స్నేహితురాలికే. ఎవరికి ఏ రంగు ఇచ్చామన్నదాని మీద జనవరి నుంచే అలకలు మొదలయ్యేవి. కాగితం మూల మడిచి పైన "తెరవకు" అని రాసేవాళ్లం, తెరిస్తే లోపల "వద్దంటే వినవు కదే కోతీ" అని ఉండేది.

మొన్న అటక సర్దుతుంటే దొరికింది. 31 మంది రాశారు. "నీ పెళ్లికి నన్ను పిలవడం మరచిపోకు" అని 26 మంది. నేను పిలవగలిగింది నలుగురిని. మిగతావాళ్ల అడ్రసులు ఎవరి దగ్గరున్నాయి గనక? ఇక "ఆశయం" అన్నచోట తొమ్మిది మంది కలెక్టర్ అని రాశారు. అప్పటికి రాష్ట్రంలో ఉన్నవి 23 జిల్లాలు. ఒక్క మా బడే తొమ్మిది జిల్లాలు పట్టుకుపోయింది.

పాలమూరు_పోరగాడు
ఇప్పుడు తెలంగాణలోనే 33 జిల్లాలు చేసిండ్రు. మీ బ్యాచ్ కోసమే అయ్యుంటది, ఆలస్యమైంది అంతే.

రాగిసంకటి
తొమ్మిది మందిలో ఒక్కరైనా కలెక్టర్ అయ్యారా అమ్మా?

ఆటోగ్రాఫ్_1987
ఒకావిడ కలెక్టరేట్‌లో సీనియర్ అసిస్టెంటుగా చేసింది. "దగ్గరి దాకా వెళ్లాను, తలుపు మాత్రం వేరేది" అంటుంది. నా ఆశయం "ఎయిర్ హోస్టెస్". ఇంతవరకూ విమానం ఎక్కలేదు, మా అబ్బాయి పూణెలో ఉంటాడు, రైలే హాయి.

పంచాంగం_పక్కన
టీచరుగారూ, అసలు స్కిట్టే మార్చేయండి. ఉగాది మార్చి 19న. పరీక్షలు అటూ ఇటూగా అప్పుడే. పంచాంగ శ్రవణం పెట్టండి. ఒకడు పంచె కట్టి, కళ్లజోడు ముక్కు మీదకి జార్చి చదువుతాడు:

"రాబోవు పరాభవ నామ సంవత్సరమందు పదో తరగతి జాతకులకు గ్రహగతులు ఈ విధంగా ఉన్నవి. గణితమందు ఆదాయం 2, వ్యయం 14. ఇంగ్లీషునందు రాజపూజ్యం 1, అవమానం 7. హిందీకి పాస్ మార్కు 20 గనుక హిందీ అధిపతి శుభుడు. ఫిజిక్స్ వక్రించి ఉన్నాడు, బయాలజీ శాంతి చేయించిన మంచిది. జాతకులు ఫోను నీచస్థానమందు, అనగా బీరువాలో పెట్టి తాళం అమ్మకిచ్చిన సర్వత్రా జయం."

ఎవరి పేరూ అక్కర్లేదు, హెచ్‌ఎం గారూ సంతోషిస్తారు.

జీపీఏ_పదికిపది
ఆగండాగండి. వచ్చే ఏడాది పేరు నిజంగా పరాభవా? పదో తరగతి రిజల్ట్స్ దాంట్లోనా వచ్చేది?

పంచాంగం_పక్కన
నేను పెట్టిన పేరు కాదు నాయనా. ప్రభవ, విభవ నుంచి లెక్కపెడితే నలభయ్యోది. ఇంతకుముందు 1966లో వచ్చింది. ఇంకో విశేషం, పిల్లల స్కిట్ జరిగే 2046 అరవయ్యోది, చివరిది. కొన్ని పంచాంగాలు దాన్ని "క్షయ" అంటాయి, కొన్ని "అక్షయ" అంటాయి. ఏ పంచాంగం కొన్నామన్నదాన్ని బట్టి వాళ్ల భవిష్యత్తు.

పాతకాపు
మా నాన్నగారు అప్పుడే, 1966 ఏప్రిల్ తర్వాత రిజల్ట్స్ చూసుకున్నారు. ఎస్‌ఎస్‌ఎల్‌సీ. లెక్కల్లో పోయింది. ఇంట్లో "సంవత్సరం పేరు చూసైనా జాగ్రత్తపడాల్సింది" అని తిట్టారట.

అత్తిలి_అమ్మడు
పంచాంగం బాగుంది గానీ పేర్లు లేకపోతే ఉప్పులేని పప్పే. ఫేర్‌వెల్‌లో అందరూ ఎదురుచూసేది తన పేరు ఎప్పుడొస్తుందా అనే.

కొత్త_పలక
సోది పెట్టండి! "ఎరుక చెబుతానమ్మ ఎరుక" అని బుట్ట పట్టుకుని ఒకమ్మాయి వచ్చి అందరి చేతులూ చూస్తుంది. మా బళ్లో సూపర్ హిట్.

చెరువు_కింది_ఊరు
మా నాయనమ్మ నిజంగానే సోది చెప్పి నలుగురు పిల్లల్ని సాకింది. మా బళ్లోనూ ఆ ఐటమ్ వేశారు. ఆమె మాట తీరును మూతి తిప్పుతూ అనుకరించారు. నేను వెనక వరసలో కూర్చుని చెప్పుల వంక చూస్తూ గడిపాను. మీ సూపర్ హిట్‌లో నాలాంటి వాళ్లెంతమంది ఉన్నారో చూసుకోలేదు మీరు.

కొత్త_పలక
నిజంగానే తోచలేదు. తప్పే. వెనక్కి తీసుకుంటున్నా.

సంధి_టీచర్
చెరువు_కింది_ఊరు గారూ, ఇది మీరు చెప్పకపోతే నాకూ తోచేది కాదు. ఆ ఐటమ్ రెండేళ్ల క్రితం మా బళ్లో నేనే దగ్గరుండి వేయించాను.

వంతపాట
బుర్రకథ చేయండి. మా తాతకి దళం ఉండేది. మధ్యలో తంబూరాతో కథకుడు, అటొకరు ఇటొకరు గుమ్మెటలతో. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. పిల్లల మీద జోకులు హాస్యం వాడు వేస్తాడు, హెచ్‌ఎం గారి మీద రాజకీయం వాడు వేస్తాడు. హెచ్‌ఎం గారికి కోపమొస్తే "తందాన తాన" అని అందుకోవచ్చు. బుర్రకథకి ఆ సౌకర్యం ఉంది, స్కిట్టుకి లేదు.

గోదారి_గట్టు
నాలుగు రోజుల్లో బుర్రకథ నేర్పించాలా? ఈవిడకి సిలబస్ పూర్తి చేయడమే ఉంది ఇంకా.

సంధి_టీచర్
సిలబస్ డిసెంబర్‌లోనే అయిపోయింది. అవమానించకండి. రాజపూజ్యం 1 అయినా ఉండనివ్వండి.

నవోదయ_బ్యాచ్
మీ అందరికీ పదో తరగతిలో సెండాఫ్. మాకు అసలు ఏడుపు ఎనిమిది అయిపోగానే. నవోదయలో తొమ్మిదో తరగతికి 30 శాతం మందిని ఏడాదిపాటు హిందీ రాష్ట్రంలోని నవోదయకి పంపుతారు, అక్కడివాళ్లు మన దగ్గరికొస్తారు. మైగ్రేషన్. పద్నాలుగేళ్లకి ట్రంకు పెట్టె, పచ్చడి డబ్బా, రెండు రాత్రుల రైలు.

వెళ్లేవాళ్లకి మేం గోడపత్రిక మీద జోస్యాలు రాశాం. ఒకడికి "తిరిగొచ్చేసరికి హిందీ ఎంత బాగా వస్తుందంటే వాళ్లమ్మ దుబాసీని పెట్టుకోవాలి." ఇంకొకడికి "రోటీ తిని తిని అన్నం చూసి ఇదేంటని అడుగుతాడు." మొదటివాడు ఏడాది తర్వాత వచ్చి మెస్ ముందు లైన్లో నిలబడి మొదట అన్న మాట "భయ్యా, థోడా పప్పు". వాడి పేరు ఇప్పటికీ థోడాపప్పు. వాట్సాప్ గ్రూపులో కూడా. పెళ్లి ఫోటో కింద "కంగ్రాట్స్ థోడా" అని వాళ్లావిడ బంధువులందరూ చూసేలా పెట్టారు.

అటునుంచి మా దగ్గరికొచ్చిన కుర్రాడికి వెళ్లేటప్పుడు మేం రాసింది మాత్రం నిజం కాలేదు. "మళ్లీ వస్తాడు" అని రాశాం.

రాగిసంకటి
థోడాపప్పు దగ్గర నవ్వించి, కింద ఆ ఒక్క ముక్కతో దెబ్బకొట్టావు కదయ్యా.

ఎన్నారై_నాన్న
డల్లాస్ దగ్గర ఉంటాం. ఇక్కడ ఎనిమిదో తరగతితో మిడిల్ స్కూలు అయిపోతుంది. పోయినేడాది మా అమ్మాయిది అయింది. ఇయర్‌బుక్కు అని అందరి ఫోటోలతో ఒక పుస్తకం. దాంట్లో "మోస్ట్ లైక్లీ టు" అని మీ పిల్లల్లాగే జోస్యాలు, పిల్లలే ఓట్లేసి తేలుస్తారు. మా అమ్మాయికి వచ్చింది "తన పెళ్లికే లేటుగా వెళ్లేది". నేను గర్వపడ్డాను, అది మా వంశం.

ఖాళీ పేజీల్లో స్నేహితులు సంతకాలు పెట్టారు. చూస్తే ప్రతి ఒక్కరూ "హ్యాగ్స్, హ్యాగ్స్" అని రాశారు. ఇంగ్లీషులో ముసలి మంత్రగత్తెల్ని అలా అంటారు కదా, మా పిల్లని ఇంతమంది తిట్టారేంటని స్కూలుకి ఫోన్ చేయబోయాను. "నాన్నా, వేసవి సెలవులు బాగా గడుపు అని చెప్పడానికి అది పొట్టి మాట" అని ఫోన్ లాక్కుంది.

ఆటోగ్రాఫ్_1987
మేం ఒక్కొక్కరికి పేజీడు రాసేవాళ్లం. వీళ్లకి నాలుగు అక్షరాలు చాలు. పొదుపు.

టోక్యో_ఉప్మా
ఇక్కడ జూనియర్ హైస్కూలు మూడేళ్లు, మార్చిలో అయిపోతుంది. మన తొమ్మిదో తరగతి వయసు. అబ్బాయి యూనిఫాం కోటుకి పైనుంచి రెండో బొత్తాం గుండెకి దగ్గరగా ఉంటుందని, ఆఖరి రోజు నచ్చిన అమ్మాయి వచ్చి అది అడిగే ఆచారం ఒకటుంది.

బ్యాక్‌బెంచి
మా బళ్లో ఎవరూ అడగకుండానే రెండో బొత్తాం ఉండేది కాదు. పిన్నీసు ఉండేది.

అత్తిలి_అమ్మడు
మాకు బొత్తాలు కాదు, చొక్కాలే. ఆఖరి పరీక్ష రాసి గేటు బయటికి రాగానే తెల్ల యూనిఫాం మీద ఒకరికొకరు పెన్నుతో రాసుకోవడం. నా వీపు మీద ఎవరో పెద్ద జోస్యమే రాశారు, ఇంటికెళ్లి విప్పి చదువుకుందామనుకున్నాను. ఈలోపు ఇంకొకరు ఇంకు చల్లారు. ఇంటికెళ్లగానే అమ్మ "చొక్కా తగలేశావ్" అని విప్పించి సబ్బు పొడిలో నానబెట్టేసింది. అందరి రాతలూ కలిసి బకెట్లో నీలంగా తేలాయి. ఎవరు రాశారో, ఏం రాశారో. ఆ చొక్కా తర్వాత మా చెల్లి వేసుకుంది.

సంధి_టీచర్
నిన్న పిల్లల్ని కూర్చోబెట్టాను. మీ పోస్టుల్లో కొన్ని చదివి వినిపించాను (థోడాపప్పు మూడుసార్లు చదవమన్నారు). అప్పుడు ఇంకో సంగతి బయటపడింది. స్క్రిప్టులో ఉన్న అమ్మాయిలు 17 మంది. వాళ్లలో 11 మందికి రాసింది ఒకటే: పెళ్లి. "దుబాయ్ మొగుడు", "కవల పిల్లలు", "అత్తగారితో గొడవ". అబ్బాయిల్లో ఒక్కడికీ పెళ్లి కాలేదు. "మరి ఈ 11 మందీ ఎవర్ని చేసుకున్నార్రా?" అని అడిగితే క్లాసు గొల్లుమంది. రాసింది నలుగురు అబ్బాయిలు, అదీ అసలు కథ.

చెరువు_కింది_ఊరు
మరి ఏం చేశారు?

సంధి_టీచర్
స్క్రిప్టు అమ్మాయిల చేతికిచ్చాను. ఈ రాత్రికి వాళ్లు తిరగరాస్తారు. అబ్బాయిలు ఇప్పుడు టెన్షన్‌లో ఉన్నారు.

పాతకాపు
జోకులన్నీ చచ్చిపోతాయి చూడండి. అందరూ సైంటిస్టులు అయిపోతారు.

సంధి_టీచర్
పొద్దున్నే వచ్చింది పాతకాపు గారూ. రాసిన నలుగురు అబ్బాయిల గతి వినండి. నలుగురూ 2046లో ఒకే ఇంట్లో అద్దెకుంటారు. ఎవరికీ వంట రాదు. రోజూ ఎవరు గిన్నెలు తోమాలో గ్రామసభ పెట్టి ఓటింగ్ చేస్తారు, రోజూ రెండు-రెండు వస్తుంది. ఇరవయ్యేళ్లుగా గిన్నెలు అలాగే ఉన్నాయి, పురావస్తు శాఖ వాళ్లు వచ్చి బోర్డు పెట్టారు.

పాతకాపు
ఒప్పుకున్నాను.

మిరపచేను_గట్టున
ఇస్త్రీ అబ్బాయి సంగతి?

సంధి_టీచర్
విడిగా పిలిచి అడిగాను. "నీకిది ఇష్టమేనా, కాదా" అంటే కాసేపు బల్ల గోకాడు. తర్వాత "వైట్‌హౌస్ వద్దు టీచర్, నాది నేనే రాసుకుంటా" అన్నాడు. ఇంకా చూపించలేదు. స్టేజీ మీదే చెబుతాడట. నేను దిద్దకుండా స్టేజీ ఎక్కే మొదటి స్క్రిప్టు ఇదే, నాకు నిద్ర పట్టడం లేదు.

గోదారి_గట్టు
శనివారం రాత్రి ఇక్కడే ఉంటాం. వచ్చి చెప్పకపోతే మీ పేరు బోర్డు మీద రాస్తాం.

జీపీఏ_పదికిపది
పక్కన ఇంటూ మార్కు కూడా.

సంధి_టీచర్
ఇప్పుడే ఇంటికొచ్చాను. కాళ్లు లాగేస్తున్నాయి.

పంచాంగంతో మొదలుపెట్టారు. "పరాభవ" అనగానే తల్లిదండ్రుల వైపు నుంచి పెద్ద నవ్వు, పిల్లల వైపు నుంచి నిశ్శబ్దం. తర్వాత స్కిట్. స్పీకరమ్మాయి నిజంగానే సుద్దముక్క తెచ్చుకుని, హెచ్‌ఎం గారు పక్కాయనతో మాట్లాడుతుంటే ఆయన పేరు బోర్డు మీద రాసింది.

చివర్లో వాడు వచ్చాడు. చంకలో ఒక పొడుగాటి ఖాతా పుస్తకం. వాళ్ల నాన్నది, నిజమైనది. మైకు ముందు నిలబడి, నవ్వకుండా: "2046. నేను పెద్ద వ్యాపారిని. విమానంలో వచ్చాను. మీ అందర్నీ చూడ్డానికి కాదు. మా నాన్న ఇరవయ్యేళ్ల క్రితం ఇస్త్రీ చేసిన బట్టల బాకీలు వసూలు చేయడానికి." పుస్తకం తెరిచి చదవడం మొదలుపెట్టాడు. మొదటి పేరు, కర్టెన్ల జోకు రాసినవాడు. ఆరు జతలు. రెండో పేరు సర్పంచి గారు. మూడోది హెచ్‌ఎం గారు, 14 జతలు, 280 రూపాయలు. "వడ్డీ వెయ్యలేదు సార్, మీరు పాఠం చెప్పారని."

హాలు ఊగిపోయింది. హెచ్‌ఎం గారు స్టేజీ ఎక్కి జేబులోంచి మూడు వందలు తీసి ఇచ్చారు. వాడు చిల్లర లేదని, 20 రూపాయలు జమ రాసుకున్నాడు. వాళ్ల నాన్న గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. లోపలికి రమ్మంటే రాలేదు, బండి అక్కడ వదిలేసి వచ్చానన్నారు.

రాగిసంకటి
సర్పంచి ఇచ్చాడా?

సంధి_టీచర్
రేపు పంపిస్తానన్నారు.

పాలమూరు_పోరగాడు
అయితే 2046లనే.

మిరపచేను_గట్టున
వాడు నవ్వాడా టీచరుగారూ?

సంధి_టీచర్
లేదండీ. దిగేదాకా నవ్వలేదు. మిగతా అందరూ నవ్వారు.

మిరపచేను_గట్టున
చాలు.

రాగిసంకటి
మరి మూడో బెంచీ వాళ్లిద్దరూ?

సంధి_టీచర్
ఒకమ్మాయి వచ్చి "2046లో కూడా నేను మూడో బెంచీలోనే కూర్చుంటాను, కాకపోతే రాష్ట్రంలో బెంచీలన్నీ నా ఫ్యాక్టరీవే" అంది. ఎవరూ ఊహించలేదు, ఈలలు వేశారు. రెండో అమ్మాయి మైకు దగ్గరికి వచ్చి పెదాలు కదిపింది, నమస్కారం పెట్టి వెళ్లిపోయింది. ముందు వరసలో ఉన్న నాకే వినపడలేదు. తర్వాత వెళ్లి "ఏమన్నావే?" అని అడిగితే, "చెప్పేశాను కదా టీచర్" అంది.

మ్యూట్_బ్యాచ్
మా బ్యాచ్‌లో కలుపుకుంటాం, పంపించండి.

గోదారి_గట్టు
అన్నీ బాగానే ఉన్నాయి గానీ, పులిహోర ఎలా ఉంది?

సంధి_టీచర్
అది ఎక్స్ లాంటిదండీ. ఉందన్నారు, నాకైతే దొరకలేదు.